దరఖాస్తుకి దణ్ణాలెందుకు?

ఆడపిల్లకి మనం నేర్పని విద్యంటూ లేదు. ముగ్గులు నేర్పుతాం, సంగీతం నేర్పుతాం, ఈ మధ్య కారు నడపడం కూడా నేర్పిస్తున్నాం. ఇల్లు తాకట్టు పెట్టయినా సరే ఇంజనీరింగో, ఎం.బి.ఏ.నో చదివిస్తున్నాం. తీరా ఆ చదువు పట్టుకుని ఒక ఉద్యోగానికి ఉత్తరం రాసుకోవలసిన రోజు వచ్చేసరికి, తాతగారి కాలంనాటి చిలకపలుకు ఒకటి ఆ పిల్ల చేతిలో పెట్టి పంపేస్తున్నాం. "రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్మిషన్, ఐ బెగ్ టు స్టేట్..."

ఐ బెగ్! అడుక్కుంటున్నాను!

"అబ్బే, అది మాట వరసకి రాసేదమ్మా. దానికి అర్థం చూస్తారా ఎవరైనా?" అని మా వీధిలో రిటైరైన హెడ్మాస్టరుగారొకరు నాతో వాదించారు. చూడరు, నిజమే. చదివే ఆఫీసరు చూడడు. కానీ రాసే పిల్ల మనసు చూస్తుంది. మొదటి వాక్యంలో చెయ్యి చాపాక రెండో వాక్యం ఏమొస్తుందో మీరే చెప్పండి. చెయ్యి చాపినందుకు కారణం వస్తుంది. నాన్నగారు రిటైరయ్యారు, చెల్లెలికి పెళ్ళి కావాలి, తమ్ముడు చదువుకుంటున్నాడు, తమరు దయతలిచి ఈ ఉద్యోగం ఇప్పిస్తే మా కుటుంబం జన్మజన్మలకీ ఋణపడి వుంటుంది. అక్కడితో ఉత్తరం అయిపోయింది. ఈ అమ్మాయికి ఏ పని చేతనవునో మాత్రం అందులో ఎక్కడా లేదు! అదంతా రెజ్యూమేలో వుందట, జత చేసిందట.

మా ఇంటి ముందుకి రోజూ ఒక కూరగాయల బండి వస్తుంది. ఆ బండి అతనికి ముగ్గురు పిల్లలు, అద్దె ఇల్లు, మోకాలి నెప్పి. ఇవన్నీ నాకు తెలుసు, ఎందుకంటే నేనే అడిగి తెలుసుకున్నాను. అతను మాత్రం వీధి మొగలో నిలబడి "నాకు ముగ్గురు పిల్లలు, వంకాయలు కొనండమ్మా" అని ఏనాడూ కేకెయ్యలేదు. "లేత వంకాయలమ్మా, తెల్లారగట్ల కోసినవి!" అంటాడు. మన వంటింటికి ఏం కావాలో, అది తన దగ్గర వుందని ఆ ఒక్క కేకలో చెప్పేస్తాడు. ఉద్యోగపు ఉత్తరానికి ఇంతకంటే మంచి పాఠం ఏ కాలేజీ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

అసలీ వంగి వంగి దణ్ణాలు మనకెక్కడినుంచి అబ్బాయో తెలుసుకుంటే కాస్త సిగ్గేస్తుంది. అర్జీ, దరఖాస్తు, మహజరు, ఈ మాటలన్నీ నవాబుల కచేరీల్లోంచి వచ్చినవే. తర్వాత కుంఫిణీ వచ్చింది, దొరలొచ్చారు. శిస్తు తగ్గించమని దొరకి అర్జీ పెట్టుకునే రైతుకి తను ఎంత చిన్నగా కనిపిస్తే అంత క్షేమం. వాడి అవసరం అలాంటిది, వాణ్ణి నేనేమీ అనను. మరి దొరల సంగతి? వాళ్ళలో వాళ్ళు ఆఫీసు ఉత్తరాలు రాసుకునేటప్పుడు కూడా కింద "మీ అత్యంత విధేయుడైన సేవకుడు" అనే సంతకం పెట్టుకునేవారు. వాళ్ళకది ఆఫీసులో వేసుకునే కోటులాంటిది. ఇంటికి రాగానే విప్పేసేవారు. వాళ్ళ దేశంలో ఆ కోటుని ఏనాడో పెట్టెలో పడేశారు కూడా. మనం మాత్రం దొరలు వెళ్ళిపోయి ఇన్నేళ్ళయినా దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి మన పిల్లలకి తొడుగుతున్నాం.

మన తెలుగు ఉత్తరాలు మాత్రం తక్కువ తిన్నాయా? మగవాడైతే "మహారాజశ్రీ". అతను మహారాజో కాదో ఎవరూ అడగరు. ఆడదానికి రాయాలంటే మటుకు ముందు ఆవిడ మెడ చూడాలి. తాళి వుండి చిన్నదైతే చి.ల.సౌ., పెద్దదైతే మహాలక్ష్మీ సమానురాలు. తాళి లేకపోతే గం.భా.స., అంటే గంగా భాగీరథీ సమానురాలు. వినడానికి ఎంత పవిత్రంగా వుందో! కార్డు మీద ఆ మూడక్షరాలు చూస్తే చాలు, పోస్టుమాన్ దగ్గర్నుంచి పక్కింటి వాళ్ళ దాకా అందరికీ ఆవిడ బొట్టు సంగతి తెలిసిపోయేది. ఇప్పుడా అక్షరాలు పోయాయి, సంతోషమే. వాటి చోట డాటరాఫ్, వైఫాఫ్ గడులు మిగిలాయి. ఫారంలో గడి వుంటే నింపుతాం, తప్పదు. కానీ ఎవరూ అడక్కుండానే మన అమ్మాయిలు ఉత్తరం మొదట్లో "నేను ఫలానావారి కుమార్తెను" అని రాస్తున్నారే, దానికేం చెప్పాలి? లెక్కలు రాయబోయేది నాన్నగారా, అమ్మాయా?

పోయిన వేసవిలో మా ఎదురింటి అమ్మాయి ఒక అప్లికేషను పట్టుకొచ్చింది. బి.కాం. చదివింది. ఒక మందుల డిస్ట్రిబ్యూటరు ఆఫీసులో అకౌంట్సు చూసేవాళ్ళు కావాలని ప్రకటన పడిందట. "పిన్నిగారూ, ఇంగ్లీషు తప్పులుంటే కాస్త చూస్తారా?" అంది. ఇంగ్లీషు తప్పులేం లేవు. పైన చెప్పిన చిలకపలుకంతా తు.చ. తప్పకుండా వుంది. చివర్న, "నాకు అనుభవం లేకపోయినా అవకాశం ఇస్తే కష్టపడి నేర్చుకుంటాను" అని కూడా వుంది.

ప్రకటన చూపించమన్నాను. జి.ఎస్.టి. రిటర్నులు తెలియాలి, ట్యాలీ రావాలి, ఏడాది అనుభవం వుండాలి.

"డిగ్రీ అయి రెండేళ్ళయింది కదా, ఈ రెండేళ్ళూ ఏం చేస్తున్నావు?"

"ఖాళీగానే వున్నానండీ. మా మావయ్య హోల్‌సేల్ కొట్లో కాస్త సాయం చేస్తుంటానంతే."

"ఏం సాయం?"

సాయం ఏమిటయ్యా అంటే, ఆ కొట్టు లెక్కలన్నీ ఈ అమ్మాయే చూస్తోంది. నెలనెలా పదకొండో తారీఖులోపల అమ్మకాల రిటర్ను, ఇరవయ్యో తారీఖులోపల పన్ను రిటర్ను ఈ పిల్ల చేతిమీదుగానే వెళుతున్నాయి. కొన్న సరుకు మీద కట్టిన పన్ను మన లెక్కలోకి తిరిగి రావాలంటే, అమ్మినవాడు తన రిటర్నులో ఆ బిల్లు చూపించి తీరాలి. ఒకసారి ఎవడో ఆసామి చూపించలేదు. ఈ అమ్మాయి బిల్లులన్నీ ఒక్కొక్కటే సరిచూసి, వాడెవడో పట్టుకుని, వాడికి ఫోను మీద ఫోను చేసి, ఆ నెలలోనే సరిచేయించింది. ఇదంతా నేను పావుగంట సేపు కోర్టులో ప్లీడరులా అడిగితే బయటికొచ్చింది.

"మరి ఇది అనుభవం కాదుటే?"

"మావయ్య జీతం ఇవ్వలేదు కదండీ!"

చూశారా! జీతం ఇవ్వలేదు గనక అది పని కాదు. అమ్మాయిల చేత ఈ మాట అనిపించిందెవరు? పొద్దున్న లేచింది మొదలు జీతం లేని పని చేసి, ఎవరైనా అడిగితే "నేనేం చెయ్యనండీ, ఇంట్లోనే వుంటాను" అని చెప్పే మనం కాదూ?

ఇద్దరం కూచుని మళ్ళీ రాశాం. మొదటి వాక్యమే, మీరు ప్రకటనలో అడిగిన పని నేను రెండేళ్ళుగా చేస్తున్నాను, అని. తర్వాత ఎంత పెద్ద కొట్టో, నెలకి సుమారు ఎన్ని బిల్లులో, ఏ రిటర్నులో, ఏ తారీఖులకో రాశాం. ఆ బిల్లు పట్టుకున్న సంగతి రెండు వాక్యాల్లో రాశాం. మందుల వ్యాపారం నాకు కొత్త, మిగిలిన లెక్కలు కొత్త కావు, అని కూడా రాసింది. ఆ వాక్యం తనదే, నాకెంతో నచ్చింది. ఏ రోజు పిలిచినా వస్తానని చెప్పి, ఫోను నంబరు రాసి సంతకం పెట్టేసింది. మొత్తం ఒక పేజీలో ముప్పావు వంతు.

సాయంత్రం వాళ్ళ నాన్నగారొచ్చారు ఆ కాగితం పట్టుకుని. "చూడమ్మా, ఇలా రాస్తే పిల్లకి పొగరనుకోరూ? కనీసం చివర్న ఓ ముక్క, తమరు దయతో పరిశీలించాలని..."

"బాబాయిగారూ, వాళ్ళకి లెక్కలు రాసే మనిషి లేక డబ్బు పోసి ప్రకటన వేసుకున్నారు. అవసరం ఇద్దరిదీను. దయ దేనికి?" అన్నాను.

ఆయన తృప్తి పడలేదు. అమ్మాయి మాత్రం ఆ ఉత్తరమే పంపింది. వారం తిరక్కుండా ఇంటర్వ్యూకి పిలిచారు. ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు, నాకు తెలుసు. అక్కడ రాలేదు. అయితే ఏం? ఉత్తరం చెయ్యగలిగింది తలుపు తీయించడం వరకే. లోపలికెళ్ళాక మాట్లాడవలసింది మనిషి. నాలుగో చోట వచ్చింది. ఆ నాలుగు చోట్లకీ నాలుగు ఉత్తరాలు రాసింది, ఎక్కడి ప్రకటన ఏం అడిగితే దానికి తగ్గట్టు. ఒకే ఉత్తరాన్ని పదిమందికి పంపేది పెళ్ళి శుభలేఖ ఒక్కటే, దానికైనా పైన పేర్లు మారుస్తాం.

ఇటలీలో లియొనార్డో డా విన్సీ అని, మోనాలిసా బొమ్మ వేసిన మహానుభావుడు, ముప్ఫై ఏళ్ళ వయసులో, సుమారు 1482లో, కొలువు కోసం మిలాన్ ప్రభువు లుడోవికో స్ఫోర్జాకి ఉత్తరం సిద్ధం చేసుకున్నాడు. అడిగేది సాక్షాత్తూ ప్రభువుని. సాష్టాంగపడడానికి ఇంతకంటే తగిన చోటు దొరుకుతుందా? ఆయన ఒకటి రెండు మర్యాద మాటలు రాసి నేరుగా పనిలోకి దిగిపోయాడు. తేలిగ్గా మోసుకుపోగల వంతెనలు కట్టగలను, కోట చుట్టూ కందకంలో నీళ్ళు తోడించగలను, చప్పుడు కాకుండా సొరంగాలు తవ్వించగలను, ఫిరంగులు చేయించగలను, ఇలా ఒకటి తర్వాత ఒకటి. ఆ ప్రభువుకి అప్పుడు కావలసింది యుద్ధం పని మరి. బొమ్మలు వేయడం వచ్చునన్న సంగతి చిట్టచివర చెప్పాడు! అందులో కొన్ని ఆయన అప్పటికి చేసి చూపించినవి కావు. ఆ భాగం మనకొద్దు. ఆ వరస మాత్రం చూడండి. తనకి ముద్దొచ్చింది ముందు పెట్టలేదు, ఎదుటివాడికి కావలసింది ముందు పెట్టాడు.

లియొనార్డో మగవాడు, పైగా మహా మేధావి అంటారా? సరే, మన పక్క కన్నడ ఆడపడుచు సంగతి చెబుతాను. 1974లో సుధామూర్తిగారు, అప్పటికింకా పెళ్ళికాని అమ్మాయి, బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో పి.జి. చదువుతున్నారు. నేటి టాటా మోటార్స్‌ని అప్పుడు టెల్కో అనేవారు. ఆ కంపెనీ ఇంజనీర్ల కోసం ప్రకటన ఇస్తూ, ఆడవాళ్ళు దరఖాస్తు చెయ్యనక్కర్లేదని కింద ఒక ముక్క వేసింది. ఆవిడకి ఒళ్ళు మండి, ఏకంగా జె.ఆర్.డి. టాటాగారికే ఓ పోస్టు కార్డు రాసి పడేశారు. దేశంలో ఇన్ని పనులకి ముందు నడిచిన మీరు ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఇలా చెయ్యడమేమిటని. పూనాలో ఇంటర్వ్యూకి రమ్మని తంతి వచ్చింది, ఉద్యోగం ఇచ్చారు. ఆ కంపెనీకి ఆవిడే మొదటి మహిళా ఇంజనీరు. నిజానికి అది దరఖాస్తు కూడా కాదు, పోట్లాట. కార్డులో పట్టినన్ని మాటలు మాత్రమే వున్న పోట్లాట. ఉద్యోగాల్లోకి తీసుకోవడంలో ఆడా మగా తేడా చూపకూడదని చెప్పిన సమాన వేతన చట్టం ఆ తర్వాత రెండేళ్ళకి, 1976లో వచ్చింది. చట్టం రాకముందే కార్డు వెళ్ళిందన్నమాట.

"మీరింకా ఏ కాలంలో వున్నారండీ, ఇప్పటి పిల్లలు బెగ్గూ గిగ్గూ రాయరు, ఫోనులో అడిగితే అదే ఉత్తరం రాసి పెడుతుంది" అని నవ్వేవాళ్ళూ వున్నారు. ఆ ఉత్తరాలూ చూశాను. నా స్నేహితురాలు ఒక చిన్న స్కూలు నడుపుతోంది. లెక్కల టీచరు కావాలని ప్రకటన ఇచ్చి, వచ్చిన అప్లికేషన్లు నా ముందు కుప్పపోసింది. అందరికీ కీన్ ఇంటరెస్టే, అందరూ డైనమిక్కే, అందరికీ టీచింగంటే ప్యాషనే. పేర్లు చెరిపేస్తే ఎవరిది ఎవరిదో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. పాత ఉత్తరంలో పిల్ల మోకాళ్ళ మీద నిలబడేది. కొత్త ఉత్తరంలో అసలు పిల్లే లేదు. ఆ కుప్పలో ఒకావిడ మాత్రం, ఆరో తరగతి పిల్లలు భిన్నాలు కూడేటప్పుడు ఎక్కడ తికమక పడతారో, ఆ చోట తను ఏం చెబుతుందో నాలుగు వాక్యాలు రాసింది. ఇంగ్లీషులో మూడు తప్పులున్నాయి. మా స్నేహితురాలు ముందు ఆవిడకే ఫోను చేసింది. నా తగువు యంత్రంతో కాదు, తప్పులు దిద్దుకోవడానికి వాడుకోండి, కాదన్నదెవరు? మీ భిన్నాల సంగతి దానికి తెలీదు, మీరు చెప్పాలి.

ఇక పెళ్ళయి, పిల్లలు పుట్టి, కొన్నేళ్ళు ఇంట్లో వుండి, మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరే ఆడవాళ్ళ ఉత్తరాలు. ఇవి చదివితే నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వస్తాయి. "ఎనిమిదేళ్ళు ఖాళీగా వున్నందుకు క్షమించాలి" అని రాసిందొకావిడ! ఎవరిని క్షమించమంటున్నావమ్మా? ఆ ఎనిమిదేళ్ళలో ఇద్దరు పిల్లల్ని పెంచావు, మంచాన పడ్డ మావగారికి సేవ చేశావు. వాటికి క్షమాపణా? అయితే, దీనికి విరుగుడుగా ఈ మధ్య కొందరు తెలివైనవాళ్ళు చెబుతున్నట్టు "గృహ నిర్వహణలో ఎనిమిదేళ్ళ మేనేజ్‌మెంట్ అనుభవం" అని రాయమని కూడా నేననను. చదివేవాడు నవ్వుకుంటాడు, నవ్వించడానికి కాదుగా మనం రాసేది. ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకూ పిల్లల కోసం ఉద్యోగం మానేశాను, ఇప్పుడు చేయడానికి సిద్ధంగా వున్నాను. ఇంతే. ఒక్క వాక్యం, తల ఎత్తుకుని. ఆ ఏళ్ళలో అపార్టుమెంటు అసోసియేషను లెక్కలు చూశారా? అరవై ఫ్లాట్ల దగ్గర నెలనెలా డబ్బు వసూలు చేసి, లిఫ్టువాడికీ నీళ్ళ ట్యాంకరువాడికీ చెల్లించి, ఏడాది చివర జమాఖర్చు ఒప్పజెప్పారా? అది రాయండి, అంకెలతో సహా. దాన్ని ఎవరూ నవ్వుతాలుగా తీసుకోరు.

ఉద్యోగాల సంగతి అలా వుంచి, బ్యాంకులకీ ఆఫీసులకీ రాసే వ్యవహారపు ఉత్తరాలు చూడండి. అక్కడా ఇదే రోగం. పైగా అక్కడ పోయేది ఉద్యోగం కాదు, చేతిలో వున్న సొమ్ము.

నాకు పెద్దమ్మ వరసావిడొకరున్నారు. ఆయన పోయారు. ఒక బ్యాంకులో ఆయన పేర డిపాజిట్లున్నాయి, నామినీగా ఈవిడ పేరు రాసే వుంది. ఆ బ్యాంకువాళ్ళు వారసత్వ సర్టిఫికెట్ తెమ్మంటారు, కోర్టు కాగితం తెమ్మంటారు, మేనేజరు బదిలీ అయ్యారంటారు, మళ్ళీ రమ్మంటారు. పది నెలలు తిరిగింది. చివరికి రెండు పేజీల ఉత్తరం రాసిచ్చింది. నాకు చూపిస్తే చదివాను. ఆయనకి గుండెనొప్పి వచ్చిన రాత్రి నుంచి మొదలెట్టింది. కొడుకు దూరాన వుండటం, కోడలి మాటలు, తన బి.పి. మాత్రల ఖర్చు, అంతా వుంది. చివర్న "దిక్కులేనిదాన్ని, తమరే దిక్కు" అని వుంది. డిపాజిట్ నంబరు లేదు!

"పెద్దమ్మా, ఇది చదివి ఆ మేనేజరు కళ్ళు చెమర్చే వుంటాయి. కానీ కళ్ళు తుడుచుకున్నాక ఆయన ఏం చెయ్యాలో నువ్వు రాయలేదే" అన్నాను.

"ఏం చెయ్యాలో ఆయనకి తెలీదుటే?"

"తెలుసు. నీకు కూడా తెలుసని ఆయనకి తెలియాలి."

నామినీ వున్న డిపాజిట్‌కి కోర్టు వారసత్వ సర్టిఫికెట్ అడగవద్దని రిజర్వు బ్యాంకు 2005లోనే బ్యాంకులకి చెప్పింది. కాగితాలు సరిగ్గా అందిన పదిహేను రోజుల్లోపల తేల్చెయ్యమని కూడా చెప్పింది. ఇద్దరం ఐదు వాక్యాలు రాశాం. డిపాజిట్ నంబర్లివి, ఖాతాదారు ఫలానా తేదీన మరణించారు, నామినీని నేను. క్లెయిము ఫారం, మరణ ధృవీకరణ పత్రం, నా గుర్తింపు కాగితాలు ఫలానా తేదీన ఇచ్చాను. నామినీ వున్నచోట వారసత్వ సర్టిఫికెట్ అడగరాదనీ, పదిహేను రోజుల్లో పరిష్కరించాలనీ రిజర్వు బ్యాంకు ఆదేశం వుంది. కాబట్టి ఆ మొత్తం నా ఖాతాలో జమ చెయ్యండి. చెయ్యడానికి వీలులేదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి.

రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకటిచ్చి రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోమన్నాను. ఈ ముద్ర విషయంలో మొహమాటపడకండి. ఉత్తరం సగం, ముద్ర సగం. పోస్టులో పంపితే రసీదు దాచుకోండి. రిజిస్టరు పోస్టు 2025లో స్పీడు పోస్టులో కలిసిపోయింది, ఏ పేరైతేనేం, పంపినట్టు రుజువుండాలి. పెద్దమ్మ ముద్ర వేయించుకునే వచ్చింది. పన్నెండో రోజున డబ్బు జమ పడింది.

ఆవిడ సంతోషించింది గానీ, ఓ మాటంది. "అందులో మీ పెదనాన్న గురించి ఒక్క ముక్కా లేదేమే."

నిజమే, లేదు. ఆయన గురించి చెప్పుకోవలసింది బ్యాంకు మేనేజరుతో కాదని నేనంటాను. వినేవాళ్ళు లేకే మన ఆడవాళ్ళు ఆ బాధంతా వ్యవహారపు ఉత్తరాల్లో పోస్తున్నారని కూడా నాకు తెలుసు. ఆ సాయంత్రం పెద్దమ్మ దగ్గర కూచున్నాను. గుండెనొప్పి వచ్చిన రాత్రి నుంచి మొదలెట్టి చెప్పింది.

కారణాలూ కష్టాలూ చెప్పుకోనక్కర్లేదని సర్కారే చట్టం చేసిన చోటొకటుంది, మీకు తెలుసో తెలీదో. 2005 నాటి సమాచార హక్కు చట్టం. రేషన్ కార్డు ఎందుకు ఆగిందో, మీ వీధి రోడ్డుకి ఎంత ఖర్చు రాశారో తెలుసుకోవాలంటే ఒక తెల్లకాగితం మీద రాసిస్తే చాలు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకైతే పది రూపాయల ఫీజు. మామూలుగా ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. తెలుగులో రాసుకోవచ్చు. ఎందుకు అడుగుతున్నావని అడగటానికి వాళ్ళకి హక్కు లేదు. జవాబు పంపడానికి కావలసిన పేరూ చిరునామా తప్ప వేరే సొంత వివరాలు కూడా అడగకూడదు. అంటే వైఫాఫ్ లేదన్నమాట! ఈ చట్టం కిందికెళ్ళే కాగితాల్లో కూడా మనవాళ్ళు "దయచేసి ఇప్పించ ప్రార్థన" అని రాస్తున్నారంటే ఏమనుకోవాలి?

"ఇంగ్లీషు రాదండీ, అందుకే మావారికి ఇచ్చేస్తాను" అంటారు కొందరు. 1909లో బెంగాలులో ఒఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణీకుడు రైల్వేవారికి రాసిన ఫిర్యాదు ఒకటుంది, ఢిల్లీ రైలు మ్యూజియంలో పెట్టారు. పనసపండు తిని కడుపుబ్బి, స్టేషన్లో దిగి అవతలికి వెళ్ళాడు పాపం. ఇంతలో గార్డు విజిలేశాడు. ఈయన ఒక చేత్తో చెంబూ, ఇంకో చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తి, ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ పడ్డాడు. ఆ ఇంగ్లీషు చదివి నూరేళ్ళుగా అందరూ నవ్వుతున్నారు. నవ్వండి. కానీ ఏ స్టేషనో వుంది, ఏం జరిగిందో వుంది, తప్పెవరిదో వుంది, గార్డుకి జరిమానా వెయ్యమని వుంది, వెయ్యకపోతే పేపర్లకి ఎక్కిస్తానని కూడా వుంది. దానివల్లే రైళ్ళలో మరుగుదొడ్లు వచ్చాయని చెప్పుకుంటారు, దానికి నేను పూచీపడను. ఉత్తరంలో వుండవలసినవన్నీ మాత్రం వున్నాయి. లేనిది వ్యాకరణం ఒక్కటే.

మర్యాద వద్దనటం లేదు నేను. పేరు తెలిస్తే పేరు పక్కన "గారు" పెట్టండి, నమస్కారం అనండి. అవతల వున్నది ఆవిడో ఆయనో తెలియకుండా "సర్" అని మాత్రం అనకండి. మన ఆడవాళ్ళే పెద్ద కుర్చీల్లో కూచుంటున్న రోజుల్లో మనమే వాళ్ళని మగవాళ్ళని చేస్తే ఎలా?

అన్నిటికంటే నాకు మంటెక్కించేది మాత్రం ఆఖరి గడి. ఎంత జీతం ఆశిస్తున్నారు? అన్నీ సరిగ్గా రాసిన అమ్మాయిలు కూడా అక్కడికొచ్చి చతికిలబడతారు. "యాజ్ పర్ కంపెనీ నార్మ్స్." మీరెంతిస్తే అంత! కిలో ఎంతయ్యా అంటే "మీ ఇష్టం అమ్మగారూ" అన్న బండివాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఎదురింటి అమ్మాయితో మా రెండో పోట్లాట దీనిమీదే. ఊళ్ళో అదే పని చేస్తున్న ముగ్గురిని ఎంతిస్తున్నారో కనుక్కురమ్మన్నాను. కనుక్కుని వచ్చింది. ఫోనులో ఆ గడి దగ్గర అంకె కొట్టింది. కాసేపు చూసింది. రెండువేలు తగ్గించి మళ్ళీ కొట్టింది.

"ఎందుకు తగ్గించావే?"

"ఎక్కువడిగితే పిలవరేమోనండీ."

"ఆ ముగ్గురిలో మగపిల్లలెందరు?"

"ఇద్దరండీ."

"వాళ్ళు తగ్గించుకున్నారేమో అడిగావా?"

మాట్లాడలేదు. పాత అంకె మళ్ళీ కొట్టి పంపించేసింది. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగంలో అంతకి ఐదొందలు తక్కువిస్తున్నారు. ఏప్రిల్లో పెంచమని అడగాలట. దానికీ ఓ ఉత్తరం రాస్తోంది.